కారుకు పరగడుపు మందు

ముందు ఒక ఈల వినబడింది. నాలుక మడిచి పళ్ల సందుల్లోంచి వదిలే ఈల. కోత అయిపోయిన పొలాల మీద అది సన్నటి తీగలా సాగి, ఎక్కడో తుమ్మచెట్ల దగ్గర తెగిపోయింది. దాని వెనక "ట్రియో... హెయ్" అని ఒక గొంతు. గొంతు వెనక, మేకపిల్ల తుమ్మినట్టు చిన్న హారన్. మళ్లీ ఈల, మళ్లీ గొంతు, మళ్లీ హారన్. కేతేపల్లి దాటాక మట్టిబాట మీద పొద్దున్నే నడుస్తున్నవాడికి ఈ మూడూ ఒకే చోటి నుంచి వస్తున్నాయని తట్టదు.

దుమ్ము లేచింది. దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. గొర్రెల వెనక కుక్క వచ్చింది. కుక్క వెనక, మనిషి నడకకన్నా నెమ్మదిగా, బూడిదరంగు కారు వచ్చింది. కిటికీలోంచి ఒక మోచెయ్యి, ఒక చేతికర్ర బయటికి చాచి ఉన్నాయి. కుడివైపు జరిగిన గొర్రె వీపును ఆ కర్ర మెల్లగా తట్టింది. స్టీరింగ్ వెనక తెల్ల రుమాలు చుట్టుకున్న మనిషి. ఆయన గాలయ్య. పుట్టినప్పటి నుంచి గొర్రెల కాపరి. గొర్రెలను కారులో కూర్చొని కాయడం మాత్రం ఈ మధ్యనే మొదలుపెట్టాడు.

"సుమన తమ్మునివి గదా నువ్వు?" అన్నాడు కారు ఆపకుండానే. ఆపాల్సిన అవసరం లేదు, నేను పక్కన నడుస్తూనే మాట్లాడొచ్చు. సుమన మా అక్క. ఆమెను గాలయ్య ఊరికే ఇచ్చాం.

"అవును మామా."

"అక్క నాకు కోడలు, అట్లయితే నువ్వు అల్లునివి. ఎక్కు అల్లుడా."

"నడిచే పోత మామా. మీకన్న ముందే చేరుత."

"గీ మాట ఊరంత అన్నది. కొత్తది ఏదన్న ఉంటే జెప్పు."

కొత్తది తోచక ఎక్కాను. వెనక సీటు మీద గొంగడి పరిచి ఉంది. గొంగడి మీద నిన్ననో మొన్ననో పుట్టిన గొర్రెపిల్ల ఒకటి, ప్రపంచమంటే ఇంత మెత్తగా, కిటికీలతో ఉంటుందని నమ్ముతూ పడుకుంది.

గాలయ్య జీవితం కాళ్ల మీద గడిచింది. వానలు పడితే ఊరి చుట్టూ, ఎండలు ముదిరితే మందను తోలుకొని అచ్చంపేట దాకా, నల్లమల అంచుల్లో పచ్చిక వెతుక్కుంటూ. ఏ వాగు ఏ నెలలో ఇంకిపోతుందో ఆయన పాదాలకు తెలుసు. ఒక ఎండాకాలం తిరిగి వస్తూ, ఇల్లు కనుచూపు మేరలో ఉండగా, మందను పెద్దరోడ్డు దాటిస్తుంటే లారీ వచ్చింది. కొన్ని గొర్రెలు పోయాయి. గాలయ్య ఎడమకాలు పోలేదు, కాని ఉన్నట్టూ కాదు. నల్లగొండ దవాఖానలో కడ్డీ వేశారు. ఎముక అతుక్కుంది. మోకాలు మాత్రం ఇక వంగనని మొండికేసింది. నల్లమల దాకా నడిచిన మనిషి వాకిట్లో మంచం మీద కూర్చొని, మంద వెళ్లేటప్పుడు లేచే దుమ్మునూ వచ్చేటప్పుడు లేచే దుమ్మునూ చూస్తూ ఉండిపోయాడు.

కొడుకు గోపీకృష్ణ హైదరాబాద్‌లో ఒక సేటు దగ్గర డ్రైవరు. సేటు కొత్త కారు కొన్నాడు. పాతదాన్ని గోపీకృష్ణ ఊరికి తెచ్చాడు. అది ఆటోమేటిక్. క్లచ్ ఉండదు, ఎడమకాలికి పని ఉండదు. "అవ్వను, నిన్ను దవాఖానకు తీసుకపోతందుకు అక్కరకొస్తది నాయినా" అని తల్లిని కూడా కలిపి చెప్పి, బీడులో తిప్పి నేర్పించి వెళ్లాడు. ఆ కారు దవాఖాన దారి ఇప్పటిదాకా చూడలేదు. కొడుకు బస్సెక్కిన మర్నాడే గాలయ్య దాన్ని మంద వెనక నిలిపాడు.

ఊరు నవ్వింది. చాయ్ హోటల్ దగ్గర "గాలయ్య గొర్లకు ఏసీ పెట్టిచ్చిండట" అన్నారు. గొర్రెలు మాత్రం నవ్వలేదు. కారును కూడా ఒక పెద్ద, మందబుద్ధి గొర్రెగా లెక్కలో కలుపుకున్నాయి. పొట్టేలు ఒకటి రోజూ సాయంత్రం దాని బంపరుకు కొమ్ములు రాసుకునేది.

నేను ఎక్కిన రోజున బాట బోడగుట్ట మొదట్లోకి వచ్చింది. గుట్ట అంటే పెద్దదేమీ కాదు, రాళ్ల వీపు మీద ఎవరో మట్టి చారికలు గీసినట్టుంటుంది. పచ్చిక దాని అవతల ఉంది. గొర్రెలు ఎక్కేశాయి. కుక్క ఎక్కింది. కారు ఒకసారి వణికి, ఇంజన్ గొంతు చించుకొని అరిచి, ఉన్నచోటే ఉండిపోయింది. కాలిన పల్లికాయల వాసన లోపలికి వచ్చింది. తర్వాత మెల్లగా, ఎవరికీ కనబడకుండా తప్పుకుంటున్నట్టు, వెనక్కి జారింది.

"అలిగింది" అన్నాడు గాలయ్య. గొర్రెల వైపు చూశాడు. అవి గుట్ట మీది నుంచి ఆయన వైపు చూశాయి. "నెల దినాల నుంచి గిట్లనే. గేరుల పెడితే జర ఆలోచించి కదులుతాంది. ఇయ్యాల ఆలోచన సుత బంద్ పెట్టింది."

నకిరేకల్ నుంచి మెకానిక్ కమలాకర్ వచ్చాడు. బానెట్ ఎత్తి, ఒక గొట్టంలోంచి నూనె కొలిచే ఇనుపపుల్లను లాగి, దాని చివరను తెల్లగుడ్డకు తుడిచాడు. గుడ్డ మీద కాటుక పడింది.

"గేర్‌బాక్స్ నూనె మాడిపోయింది కాకా. ఎర్రగ ఉండేది. మీటరు చూస్తే ఎక్కువ తిరగలేదు, గింతగనం ఎట్ల మాడె? ఎట్ల నడుపుతవ్ దీన్ని?"

"గొర్ల ఎనక."

"ఎనక అంటే?"

"అవి పోయినట్టు."

"పొద్దంతా?"

"అవి మేసినంత సేపు."

కమలాకర్ నవ్వడం మొదలుపెట్టి టైరు మీద చెయ్యి వేశాడు, తర్వాత టైరు పక్కన కూర్చున్నాడు. నవ్వు అయ్యాక చెప్పాడు. ఈ బండికి బలమంతా ఆ నూనె నుంచే గేర్లకు అందుతుంది. గేరులో ఉంచి ఎండలో పొద్దంతా పాకిస్తే నూనె ఉడికి, ఉడికి మాడుతుంది. మార్చాలి. కాని తను మార్చడు. "పాత నూనె తీసి కొత్తది పోసినంక గేర్‌బాక్స్ మొత్తానికే పడుకుంటే నా పేరు చెప్తరు. నూనె నేనిప్పిస్త, పద్ధతి నేను జెప్త. చెయ్యి మాత్రం నీదే."

హైదరాబాద్ నుంచి గోపీకృష్ణ ఫోనులో ఇంకోమాట చెప్పాడు. అక్కడి వర్క్‌షాపులో ఎవరినో అడిగాడట. అది జీవితకాలం నూనె, మార్చే పనే ఉండదు అన్నారట.

"ఎవని జీవితకాలం?" అన్నాడు గాలయ్య. "బండిదా, నాదా, గా చెప్పినోనిదా?"

గోపీకృష్ణ మళ్లీ అడిగి చెప్తానని ఫోను పెట్టేశాడు.

కారు ఆగిన రోజు నుంచి మంద వెనక మళ్లీ సైదమ్మ నడుస్తోంది. గాలయ్య భార్య. ఆమె మోకాళ్లకు కడ్డీలు లేవు, అందుకని వాటి నొప్పిని ఎవరూ నొప్పిగా లెక్కపెట్టలేదు. సాయంత్రం మందను దొడ్లోకి తోలి, గడప మీద కూర్చొని పాదాలు ఒత్తుకుంటూ ఆమె తీర్పు చెప్పింది.

"ఐతారం నాడు బేరగాడు పరమేష్ వస్తుండు. నేనే రమ్మన్న. నీ కారు బోడగుట్ట ఎక్కితే మంద ఉంటది. ఎక్కకపోతే పరమేష్ తోలుకపోతడు. నా కాళ్లు ఇంక నీ గొర్లకు రావు."

"మందనే లేకపోతే నేనేం చెయ్యాలె?"

"కారుల కూసో. ఏసీ పెట్టుకో."

ఆ రాత్రి గాలయ్య తిన్నాడో లేదో తెలియదు. మంద పోతే ఆయనకు మిగిలేది మళ్లీ ఆ మంచం. ఈసారి చూడటానికి దుమ్ము కూడా ఉండదు.

ఐతవారం తెల్లవారకముందే, అక్క ఇంట్లో పడుకున్న నన్ను లేపారు. పాలోళ్లు, అంటే గాలయ్య దాయాదులు, కొందరు అప్పటికే వచ్చి ఉన్నారు. కారు కిందికి దూరడానికి గుంత కావాలి కదా. ఊరి చివర నీళ్లు రాని పిల్లకాలువ ఒకటుంది. నీళ్లు రాకపోవడం కూడా ఒక్కోసారి పనికొస్తుంది. కారును తోసి, ఇటు రెండు చక్రాలు అటు రెండు చక్రాలు పెట్టి, కాలువకు అడ్డంగా కాకుండా నిలువుగా నిలిపారు. చక్రాల కింద రాళ్లు పెట్టారు. బండి సమంగా ఉందో లేదో చూడటానికి గాలయ్య లోపల పళ్లెంలో నీళ్లు పెట్టాడు. నీళ్లు ఒక పక్కకు ఒరిగాయి. మట్టి తీసి, మట్టి వేసి, నీళ్లు నిలకడగా నిలిచేదాకా ఆయన ఊరుకోలేదు.

అప్పుడు ఆ వంగని కాలిని ముందు కాలువలోకి దించి, తర్వాత తను దిగి, వెల్లకిలా పడుకున్నాడు. పానాతో బోల్టు విప్పాడు. నల్లటి నూనె వెడల్పాటి బేసిన్‌లోకి పడింది, చీకటిలో ఇంకా మిగిలిన ముక్క ఏదో కరిగి కారుతున్నట్టు. బోల్టు చివరి అయస్కాంతానికి ఇనుపరజను బూడిదరంగు నూగులా అంటుకొని ఉంది. గాలయ్య దాన్ని బొటనవేలితో తుడిచి, చాలాసేపు చూశాడు.

"గింత అరిగినవా" అన్నాడు. ఎవరితో అన్నాడో అడగలేదు.

ఎంత నూనె దిగిందో అంతే పోయాలన్నది కమలాకర్ మొదటి పద్ధతి. గాలయ్య ఇంట్లో కొలతలకు కొదవలేదు. గొర్రెల కడుపులో పురుగులకు పోసే నట్టల మందు ఖాళీ సీసాలు తెచ్చి, వాటిలోకి పాత నూనె నింపి, వరసగా గట్టు మీద పెట్టాడు. తర్వాత బోల్టు మళ్లీ బిగించి, కొత్త నూనె డబ్బా మూత తీశాడు. ఎర్రగా ఉంది. మోదుగుపూలను ఎవరో నీళ్లు కలపకుండా పిండినంత ఎరుపు. పాలోళ్లు ఒక్కొక్కరే వచ్చి డబ్బాలోకి తొంగిచూసి వెళ్లారు.

సైదమ్మ చాయ్ తెచ్చింది. అందరికీ పోసి, కారు వైపు చూసింది.

"నా మోకాలికి వేలుతో అంటినంత నూనె రాసినోడు కాదు. దానికి డబ్బాలకు డబ్బాలు తాపుతుండు."

"నీకు సుత తాపుత గానీ, జర ఆగు" అన్నాడు గాలయ్య.

నూనె పోసే దారి అదే ఇనుపపుల్ల ఉండే సన్నటి గొట్టం. గరాటు పట్టలేదు. గాలయ్య ఇంట్లోకి వెళ్లి, గొర్రెల నోట్లోకి మందు కొట్టే పెద్ద సిరంజి తెచ్చాడు. దానికి రబ్బరుగొట్టం తొడిగాడు. ఎడమచెయ్యి బానెట్ అంచు మీద వేశాడు, గొర్రె దవడ పట్టుకున్నట్టు. కుడిచేత్తో సిరంజి నొక్కాడు. "మింగు తల్లీ. మింగు, మింగు." వచ్చిన సీసాలు ఎన్నో అన్ని సీసాల ఎర్రనూనె లోపలికి పోయింది. బండి ఉమ్మలేదు. పాలోళ్లలో ఒకాయన, ఇంత బుద్ధిగా మందు మింగిన జీవిని తను చూడలేదన్నాడు.

కమలాకర్ రెండో పద్ధతి కూడా చెప్పాడు. ఇంజన్ నడుస్తుండగా గేరు రాడ్‌ను ఒక్కో గేరులోకీ తిప్పి, బండిని కాసేపు నడిపి వేడెక్కించి, అప్పుడు పుల్ల తీసి చూడాలి. పుల్ల మీద రెండు గీతలుంటాయి. చల్లటి బండికి కింది గీత, వేడి బండికి పై గీత. గాలయ్య ఇంజన్ స్టార్ట్ చేశాడు, గేరు రాడ్ తిప్పాడు, పుల్ల లాగాడు. నూనె కింది గీత దగ్గరే ఉంది.

"ఆకలి మీదున్నది" అన్నాడు.

"కమలాకర్ వేడెక్కినంక చూడుమన్నడు గదా మామా?"

ఆయన నన్ను జాలిగా చూశాడు. "మందు ఎప్పుడు పోస్తరు అల్లుడా? తెల్లారంగ, మేతకు పోకముందు, పరగడుపున. ఉరికొచ్చిన జీవానికి ఉడుకు మీద మందు పోస్తే ఏమైతది? పొర పోయి, ఊపిరాడక సస్తది. కమలాకర్ ఇనుపముక్కలోడు, వానికేం ఎరుక."

పరగడుపు కారుకు ఇంకో సిరంజి, ఇంకో సిరంజి. పై గీత వచ్చింది. దారి ఎక్కువ ఉంది కదా అని, పుట్టింటి నుంచి పంపే ఆడబిడ్డకు పెట్టినట్టు, ఆపైన ఇంకొంత కూడా పెట్టాడు.

పొద్దెక్కేసరికి పరమేష్ ట్రాలీ ఆటోతో బోడగుట్ట కింద నిలబడ్డాడు. మంద గుట్ట పక్కన మేస్తోంది. ఆయన ఒక్కో గొర్రె నడుము మీద కళ్లతోనే చెయ్యి వేసి తూకం చూసుకుంటున్నాడు. సైదమ్మ నడుము మీద చేతులు పెట్టుకొని బాట పక్కన ఉంది. గాలయ్య కారును ముందు బీడులో తిప్పాడు, తర్వాత గుట్ట మొదట్లోకి తెచ్చాడు.

"నిమ్మళంగ, గాలన్నా" అన్నాడు పరమేష్. "తొందరేం లేదు. నాకు సాయంత్రం దాంక టైమున్నది."

కారు ఆలోచించలేదు. గేరు పడగానే కదిలింది. రాళ్ల మీద, మట్టి చారికల మీద, నీళ్లు పైకి పారడం ఇప్పుడే నేర్చుకున్నట్టు అరుపు లేకుండా, జారుడు లేకుండా ఎక్కింది. పాలోళ్లు కేకలు వేశారు. సగం గుట్ట దాటాక సైదమ్మ చేతులు నడుము మీది నుంచి తమంతట తామే దిగిపోయాయి. శిఖరం మీద కారు ఆగింది. కింద ఉన్న మేమంతా వెనకే ఎక్కాం. గాలయ్య దిగి, చేతికర్ర ఎత్తి, ఏదో అనబోయి కింద చూశాడు.

బండి కింద ఎరుపు. వేడెక్కిన నూనె పొంగి, గేర్‌బాక్స్ పైన గాలి వదిలే ఊపిరిగొట్టంలోంచి ఎగదన్ని, ఇంజన్ పక్కలమ్మట కారి, కాలుతున్న సైలెన్సర్ మీద పొగలై, మిగిలింది రాళ్ల సందుల్లోంచి గుట్ట కిందికి దిగుతోంది. పొద్దుటి ఎండలో ఆ ధార తడితడిగా మెరిసింది.

ఊరు దాన్ని దూరం నుంచి చూసింది. ఐతవారం, కొత్తగా బాగైన బండి, గుట్ట మీద జనం, బండి ముందు ఎరుపు. ఇక ఎవరూ ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. బండికి పొట్టేలును కోశారు, కూర పోగులు పెడుతున్నారు అనుకుంది. ముందుగా గుర్వమ్మ వచ్చింది, ఊళ్లో అందరికన్నా పెద్దది, చేతిలో స్టీలు గిన్నె. ఆమె వెనక ఇంకొన్ని గిన్నెలు.

"ఓరి గాలిగా, ఏది కోసినవ్‌రా? నాకు ఒక పోగు ఆపు. కార్జం ముక్క ఎయ్యి, పండ్లు లేవు."

"ఏం కొయ్యలేదు పెద్దమ్మా."

"మరి గీ నెత్తురు?"

"బండిది."

గుర్వమ్మ వంగి, వేలు అద్ది, వాసన చూసింది. "థూ. గ్యాసునూనె లెక్క ఉన్నది. గిన్నె పట్టుకొని గుట్టెక్కించినవ్ గదరా, ముసలిదాన్ని!"

గాలయ్య కమలాకర్‌కు ఫోను చేశాడు. గుట్ట మీద గాలికి వినబడక స్పీకర్ పెట్టాడు, కాబట్టి కమలాకర్ నవ్వును గిన్నెలతో సహా అందరం విన్నాం.

"చల్లటి బండిల మీది గీత దాంక పోసినవా? అది వేడికి పొంగదా కాకా? ఇంజన్ నడవనియ్యి. ఏ సిరంజితోని పోసినవో దాంతోనే గుంజు. ఇప్పుడు మీది గీత చూడు."

గాలయ్య గుంజాడు. పోసినప్పుడు "మింగు తల్లీ" అన్నవాడు ఇప్పుడు "కక్కు తల్లీ" అన్నాడు. పై గీత దగ్గర నూనె నిలిచింది. కారడం ఆగింది.

"ఇంకో ముచ్చట" అన్నాడు కమలాకర్. "మాడిన నూనె సగం ఇంక లోపల్నే ఉంటది. కొన్నొద్దులు నడిపి మల్ల మార్చాలె. అసలు ముచ్చట ఏందంటే, గొర్ల ఎనక పాకిస్తే మల్ల గిదే కథ. రోడ్డు మీద జోరుగ నడుపు, పానం మంచిగుంటది."

"రోడ్డు మీద నా గొర్లు ఏం జేస్తయ్‌రా?"

గాలయ్య ఫోను పెట్టేశాడు. మంద వెనక వెళ్లడానికి బాగుచేసిన కారు మంద వెనక వెళ్లకూడదు. పరమేష్ గొంతు సవరించుకున్నాడు. సంతలో బేరం కుదరబోయే ముందు సవరించుకునే గొంతు అది.

"సైదమ్మక్కా, మరి అది గొర్లెంట పోనప్పుడు గుట్ట ఎక్కితే ఏం లాభం? మాటకు ఎక్కింది గానీ..."

గాలయ్య సైదమ్మ వైపు చూడలేదు. కర్ర కొనను మట్టిలో తిప్పుతూ నిలబడ్డాడు. ఆమె తన మోకాళ్ల వైపు ఒకసారి, మంద వైపు ఒకసారి చూసింది.

"ఎక్కితే మంద ఉంటది అన్న. ఎక్కింది. నువ్వు బండి మలుపుకో తమ్మీ." తర్వాత మొగుడి మీదికి తిరిగింది. "ఎనక పోవద్దంటే నీకు ముందటికి జాగా లేదా? డిక్కీల తుమ్మకాయలు పోసుకొని ముంగట జోరుగ పో. పోయి బండి బంద్ జేసి చెట్టుకింద కూసో. కాయల వాసనకు అవే ఉరికొస్తయి. కుక్క తోలుకొస్తది. నీ ఎనక నడిశి నడిశి నా బతుకు పోయింది, వాటికేం రోగం?"

అలా తీర్పు పూర్తయింది. కాని గిన్నెలు ఇంకా నిలబడే ఉన్నాయి. బయటికి తీసిన గిన్నెను ఉత్తగా ఇంటికి తీసుకెళ్లడం గుర్వమ్మ వల్ల కాదు, పొద్దున్నుంచి తోసిన పాలోళ్ల వల్ల అసలే కాదు. చివరికి బంపరుకు కొమ్ములు రాసుకునే పొట్టేలునే కోశారు. కోసింది పరమేషే, అంత దూరం ఉత్తగా వచ్చానన్న మాట రాకుండా. పోగులు తాటాకుల మీద పడ్డాయి. కార్జం గుర్వమ్మకు పోయింది.

తర్వాత కొన్నాళ్లకు, నల్లగొండలోని మా ఇంటికి తిరుగుప్రయాణం ముందు రోజు, గుట్ట అవతలికి నడిచాను. కారు తుమ్మచెట్టు నీడలో ఇంజన్ ఆపి ఉంది. నాలుగు తలుపులూ తెరిచి, ఎగరాలా వద్దా అని తేల్చుకోలేని పురుగులా ఉంది. గాలయ్య రాయి మీద కూర్చొని, వంగని కాలును గుట్ట వైపు చాచి, ఎదురుచూస్తున్నాడు. రెండోసారి నూనె మార్చాడట. ఈసారి వేడెక్కాకే కొలిచాడట. ఆ మాట కొంచెం సిగ్గుతో చెప్పాడు.

శిఖరం మీద దుమ్ము కనబడింది. దుమ్ములోంచి ముందు చెవులు, తర్వాత నుదుళ్లు, తర్వాత పసుపుపచ్చ కళ్లు, ఒక్కొక్కటిగా గుట్ట దిగి ఆయన వైపు రావడం మొదలుపెట్టాయి. నేను పక్కకు జరిగాను. ఆయన కళ్లు వాటి మీదే ఉన్నాయి.

"గిన్నేండ్లు గొర్లను ఎనక నుంచే చూసిన అల్లుడా. గీ వయసుల వాటి మొకాలు చూస్తున్న. ఒక్కదానికి సుత నా మీద మంచి అభిప్రాయం ఉన్నట్టు లేదు."